మా అన్నతో ల్యాప్‌టాప్ వ్యాజ్యం

మా అన్నకు అల్లూరు వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. కూతురికి అయిదేళ్ల లా కోర్సులో సీటు వచ్చిందని తెలిసిన రాత్రే ఫోను చేశాడు. రొయ్యలు పట్టి అమ్మిన పట్టుబడి డబ్బు చేతిలో ఉంది. అది మేతకో కరెంటు బిల్లుకో పోకముందే పిల్లకు ల్యాప్‌టాప్ కొనేయాలని తొందర. అప్పటికే ఒక షాపుకు వెళ్లి, అక్కడి కుర్రవాడు చెప్పిన అంకెలన్నీ కాగితం మీద రాసుకొచ్చాడు. "ఐ7 అట. పదహారు జీబీ. గ్రాఫిక్స్ విడిగా ఆరు జీబీ. తెర 144 హెర్ట్జ్. తొంభై వేలు. నువ్వు కోర్టులో ఉండేదానివి, సరే అంటే రేపే తెచ్చేస్తాను."

"అన్నా, వంద కౌంటు రొయ్యకు ధర ఎక్కువా, ముప్పై కౌంటుకా?" అని అడిగాను.

ఈ ప్రశ్న వాడికి అవమానంలాంటిది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర పెద్దది. చెరువు గట్టు మీద నిలబడి వల విసిరితే కంటిచూపుతోనే కౌంటు చెప్పగల మనిషి. అలాంటివాడు, ఏ అంకె దేన్ని కొలుస్తోందో అడగకుండానే, అంకె పెద్దది కాబట్టి సరుకు మంచిదని నమ్మి వచ్చాడు. నా బాధంతా అదే. షాపువాడు చెప్పింది అబద్ధం కాదు. ఆ యంత్రం నిజంగానే బలమైనది. కానీ ఆ బలంతో నా మేనకోడలు చేయగలిగిన పని లా కోర్సులో ఒక్కటీ లేదు.

లా చదివే పిల్ల కంప్యూటర్‌తో చేసేది చదవడం, రాయడం. మూడోది పెద్దగా లేదు. అయితే ఆ చదవడం మామూలు చదవడం కాదు, రాయడమూ మామూలు రాయడం కాదు. అందుకే డబ్బు పెట్టవలసింది తెర మీద, కీబోర్డు మీటల మీద, బ్యాటరీ మీద. లోపలి ఇంజను మధ్యరకం అయితే చాలు. ఈ మాట మీద మా ఇద్దరికీ వారం రోజులు వ్యాజ్యం నడిచింది. అందులో ఒక అంశం మీద నేను ఓడిపోయాను కూడా. అది తర్వాత చెబుతాను.

ముందు నా పాత పాపం. 2015లో నేను మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరినప్పుడు మా నాన్న చెన్నైలో ఒక షాపులో ల్యాప్‌టాప్ కొనిచ్చారు. పదిహేనున్నర అంగుళాల తెర, రెండుంబావు కిలోల బరువు, లోపల తిరిగే హార్డ్ డిస్కు. కావలి నుంచి నెల్లూరుకు రోజూ బస్సులో దాన్ని మోసేదాన్ని. కావలిలో మీట నొక్కితే దగదర్తి దాటాక తెర వెలుగుతుందని స్నేహితురాళ్లు వెక్కిరించేవారు. తెర 1366 బై 768. అంటే పేజీ మొత్తం పట్టేలా తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉండేవి, చదవగలిగేంత పెద్దవి చేస్తే పేజీలో మూడో వంతే కనిపించేది. రెండో ఏడాదిలో ఒక రోజు డిస్కు టిక్కుటిక్కుమని శబ్దం చేసి ఆగిపోయింది. ఇంటర్న్‌షిప్ డైరీ, మూట్ కోర్టు అనే నమూనా వాదనల కోసం రాసుకున్నవి, అన్నీ దాంతోనే పోయాయి. వారంటీ ఉంది కదా అని వెళ్లాం. బిల్లు మీద సీరియల్ నంబరు లేదు. "ఇది మేం అమ్మిందే అని ఏమిటి రుజువు?" అన్నాడు షాపు యజమాని. సాక్ష్యాల చట్టం చదువుతున్న విద్యార్థిని నేను. నా బిల్లే నేను చదువుకోలేదు.

అప్పుడు అమలులో ఉన్నది 1986 నాటి వినియోగదారుల చట్టం. ఫిర్యాదు చేయాలంటే అమ్మినవాడు వ్యాపారం చేసే చోటుకో, వ్యవహారం జరిగిన చోటుకో వెళ్లాలి. ఒక డిస్కు కోసం వాయిదా వాయిదాకూ చెన్నై ఎవరు వెళతారు? వదిలేశాను. 2019 చట్టంలో 34వ సెక్షను దాన్ని మార్చింది. కొన్నవారు తాము ఉంటున్న, పనిచేస్తున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా సలహా చెబుతారు. అయినా బిల్లు సరిగా లేకపోతే ఏ చట్టం మాత్రం ఏం చేస్తుంది?

తెర దగ్గరికి వద్దాం. ఇప్పుడు లాలో చేరే పిల్లలకు మాకు లేని కష్టం ఒకటి ఉంది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి 1860 నాటి శిక్షాస్మృతి పోయింది. 511 సెక్షన్ల స్థానంలో 358. హత్యకు 302 కాస్తా 103 అయింది. మన ఊళ్లో మోసగాడికి ఇంటిపేరుగా మారిన 420, ఇప్పుడు 318లో నాలుగో ఉపవిభాగం. (తిట్టుగా మాత్రం 420నే ఉంటుంది. "వాడొక మూడువందల పద్దెనిమిది" అని ఎవరూ అనరు.) కానీ పాతది పోయిందంటే పూర్తిగా పోలేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలు పాత చట్టం కిందే నడుస్తాయి. ఇన్నేళ్లుగా వచ్చిన పాత తీర్పులన్నీ పాత అంకెలతోనే ఉన్నాయి. కాబట్టి తెరలో ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది తెరిచి పెట్టుకోక తప్పదు. క్రిమినల్ ప్రొసీజర్ అయినా, సాక్ష్యాల చట్టమైనా ఇదే వరస.

ఇక కోర్టులో అడుగుపెట్టాక రెండు కిటికీల అవసరం ఇంకా పెరుగుతుంది. మన జిల్లాలో కక్షిదారు తెచ్చేది తెలుగు కాగితం. తాత రాయించిన వీలునామా, పాత విక్రయ దస్తావేజు, చెయ్యి తిరిగిన లేఖరి గొలుసుకట్టు రాత, మధ్యలో తెలుగు అంకెలు, అంకణాల్లో స్థలం కొలతలు. అదే కేసు అప్పీలుకు హైకోర్టుకు వెళితే అక్కడి భాష రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఇంగ్లీషు. ఆ దస్తావేజు మొత్తాన్ని ఇంగ్లీషులోకి మార్చి జతచేయాలి. నేను జూనియర్‌గా మొదటి రెండేళ్లు చేసింది ముఖ్యంగా ఈ పనే: ఎడమ పక్క స్కాను చేసిన దస్తావేజు, కుడి పక్క నా అనువాదం. అంకణం అన్న మాటను ఇంగ్లీషులోకి ఎలా తేవాలో తెలియక అలాగే ఉంచి, కింద వివరణ రాసేదాన్ని. తెరలో సగం భాగంలో కూడా అక్షరం స్పష్టంగా నిలబడితేనే ఈ పని సాగుతుంది. అందుకే 1920 బై 1080కి తగ్గితే వద్దంటాను. 1920 బై 1200 దొరికితే ఇంకా మంచిది, నిలువు పెరుగుతుంది కాబట్టి ప్రతి పేజీలో నాలుగు వరుసలు ఎక్కువ పడతాయి. తెర ఐపీఎస్ రకం (పక్క నుంచి చూసినా రంగు మారనిది) కావాలి, అద్దంలా మెరిసేది కాకూడదు. మెరిసే తెర షాపులో అందంగా ఉంటుంది. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుంటే అందులో మన ముఖమే కనిపిస్తుంది. 144 హెర్ట్జ్ ఎందుకంటే, ఆటల్లో వేగంగా కదిలే బొమ్మ చెదరకుండా కనిపించడానికి. తీర్పులు కదలవు.

షాపులో తెరను ఎలా పరీక్షించాలని అన్న అడిగాడు. షాపువాళ్లు నెమలి ఈకల వీడియో వేసి చూపిస్తారు. అది చూడవద్దు. కేశవానంద భారతి తీర్పు తెరవమన్నాను. 1973 ఏప్రిల్ 24న పదమూడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చినది, 703 పేజీలు. సుప్రీంకోర్టు 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్ అనే సైటులో తన తీర్పులను ఉచితంగా ఇస్తోంది. చట్టాల మూలపాఠాలు ఇండియా కోడ్ అనే ప్రభుత్వ సైటులో దొరుకుతాయి. తీర్పులు వెతకడానికి ఇండియన్ కానూన్ సైటు ఉండనే ఉంది. కేశవానందలోంచి ఏవైనా ఇరవై పేజీలు షాపులో నిలబడే చదవాలి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ. పది పేజీలకే కళ్లు మూతలు పడితే తప్పు తెరదా తీర్పుదా అన్నది మాత్రం నేను చెప్పలేను.

ఇప్పుడు మీటలు. ఇక్కడ నాకు పట్టుదల కాస్త ఎక్కువ, ఓర్చుకోండి.

కోర్టు పక్క వీధుల్లో డీటీపీ షాపులు ఉంటాయి కదా. తెలుగులో ఏది కావాలన్నా మా వాళ్లంతా అక్కడికే పరుగెత్తుతారు. అక్కడ ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, అచ్చులోనూ బాగుంటుంది. కానీ అది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి, కాదు. ఆ ఫైలు తెచ్చి ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు ప్రత్యక్షమవుతాయి. అందులో ఒక పేరు వెతకాలన్నా కుదరదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అక్కడున్నది తెలుగే కాదు. ఒకసారి మా సీనియర్‌గారి కేసులో మూడేళ్ల కిందట కొట్టించిన తెలుగు నోటీసులో ఒక్క పేరా మార్చాలి. కొట్టిన మనిషి షాపు ఎత్తేశాడు. ఫైలు మా దగ్గరే ఉన్నా చదవలేం. పన్నెండు పేజీలూ మళ్లీ కొట్టించాం.

ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉచితంగా వస్తుంది. సెట్టింగుల్లో భాష చేర్చుకుంటే చాలు. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి కింద, హల్లులు కుడి చేతి కింద. "స్థా" రావాలంటే స, పొల్లు, థ, దీర్ఘం. పలక మీద నేర్చుకున్న వరసే. రోజూ అరగంట కూర్చుంటే నెలలో చేతికి వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో ఒక చిన్న వాక్యం సులువే, కానీ దస్తావేజులోని "సదరు యావదాస్తికి సర్వహక్కులతో" వంటి వాక్యం దగ్గర వేళ్లు తడబడతాయి. నేను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నది చదువు ముగిశాక. మొదటి ఏడాదే నేర్చుకుని ఉంటే జూనియర్‌గా చేరిన రోజు నుంచే సీనియర్‌కు పనికొచ్చేదాన్ని.

అందుకని ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మీటల మీద చేతులు పెట్టి ఒక పేజీ కొట్టి చూడాలి. మీట లోతుగా దిగి, దిగినట్టు వేలికి తెలియాలి. బల్లపరుపు మీటలు గంట తర్వాత వేళ్లను నొప్పిస్తాయి. మంచి మీటలున్న యంత్రం చూడటానికి నల్లగా, మొద్దుగా ఉండవచ్చు. థింక్‌ప్యాడ్ చూసి మా మేనకోడలు "అత్తా, ఇది బ్యాంకు గుమాస్తాది లాగా ఉంది" అంది. నిజమే, అలాగే ఉంటుంది.

బ్యాటరీ, బరువు సంగతి క్లుప్తంగా. పద్నాలుగు అంగుళాలు, కిలోన్నర లోపు. కోర్టు హాల్లో ప్లగ్గు పాయింటు కోసం వెతికేవారిని చూస్తే మీకే అర్థమవుతుంది. బ్యాటరీ మీద వాట్-అవర్ అని ఒక అంకె ఉంటుంది. అది మాత్రం ఎంత పెద్దదైతే అంత మంచిది. అన్న సూత్రం పనిచేసే చోటు ఇదొక్కటే అని చెబితే కాస్త చల్లబడ్డాడు. విడిగా గ్రాఫిక్స్ ఉన్న ఆటల ల్యాప్‌టాప్‌లో ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా తొందరగా అయిపోతుంది. పైగా ఫ్యాను మోత. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే చెరువు గట్టు మీద నిద్రపోగల అన్నకు ఆ మోత లెక్కలేదు గానీ, లైబ్రరీలో పక్కవాళ్లు ఊరుకోరు.

లోపలి సరుకు: తిరిగే డిస్కు బదులు ఎస్ఎస్‌డీ తప్పనిసరి, 256 జీబీ కూడా సరిపోతుంది, 512 అయితే నిశ్చింత. ర్యామ్ 16 జీబీ ఉంటే మేలు. 8తో మొదలుపెట్టక తప్పకపోతే, తర్వాత పెంచుకునే వీలుందో, బోర్డుకే అతికించేశారో అడగాలి. ఐ5, ఐ7 అన్న మాటకు ఆ ప్రాసెసర్ ఏ తరానిదో చెప్పకపోతే అర్థం లేదు. పదేళ్ల కిందటి ఐ7 కన్నా నిన్నమొన్నటి ఐ3 చురుకు.

నేను ఓడిపోయిన చోటు ఇక్కడ వస్తుంది. నా రెండో ల్యాప్‌టాప్ చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్న పాతది. నెల్లూరు వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి పని చూసుకుని మళ్లీ రైలెక్కడం మన పాత అలవాటే కదా. పెద్ద కంపెనీలు లీజు ముగిశాక వదిలేసే ల్యాప్‌టాప్‌లు అక్కడ దొరుకుతాయి. ఆఫీసుల కోసం చేసినవి కాబట్టి మీటలు గట్టివి, మడత కీలు గట్టిది. అన్నకూ అదే చెప్పాను: మూడు నాలుగేళ్లు వాడినది చూడు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కన్నా పాతది ముట్టుకోవద్దు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది, విండోస్ 11 అంతకన్నా పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. బ్యాటరీ రిపోర్టు తీయించి, తయారైనప్పటి సామర్థ్యంతో ఇప్పటిది పోల్చు. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డు ఇంకా ఉందేమో ఆఫ్ చేసి ఆన్ చేసి చూడు.

అన్నీ విన్నాడు. తర్వాత అన్నాడు: "నువ్వు కొన్నప్పుడు నీకు కోర్టు తెలుసు, యంత్రం తెలుసు. పాడైతే ఏం చేయాలో తెలుసు. పిల్లకు పదిహేడేళ్లు. హాస్టల్లో ఉంటుంది. పరీక్షల ముందు అది చెడిపోతే నేను చెరువు వదిలి చెన్నై వెళ్లాలా?"

జవాబు వెతికాను, దొరకలేదు. నేను కొత్తది కొని వారంటీ దక్కించుకోలేకపోయాను. అందువల్ల వారంటీ అంటేనే నాకు చులకన ఏర్పడింది. కానీ తప్పు వారంటీది కాదు, బిల్లుది. పిల్లకు పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంటే పాతది, లేకపోతే మధ్యరకం కొత్తది అని నా వాదన సవరించుకున్నాను. మ్యాక్‌బుక్ ఎయిర్ మాట కూడా వచ్చింది. బ్యాటరీ విషయంలో దానికి సాటి తక్కువే, డబ్బుంటే తప్పు పట్టను. కాకపోతే కోర్టు చుట్టుపక్కల నేను చూసినవన్నీ విండోస్‌లే, ఇబ్బంది వస్తే పక్కవాళ్లను అడిగే వీలుండదు. టాబ్లెట్ మీద చదవడం హాయి. దాని మీద పదిహేను పేజీల అఫిడవిట్ ఒక్కసారి కొట్టి చూసి మాట్లాడండి.

"ఇంతకీ పరీక్షలు చేత్తోనే రాయాలి కదా, మొదటి ఏడాదే ఎందుకు?" అని వదిన అడిగింది. ఇంట్లో అందరికన్నా సరైన ప్రశ్న వేసింది ఆవిడే. పరీక్ష మూడు గంటలూ కలంతోనే. అందుకే క్లాసులో నోట్సు చేత్తోనే రాయమని పిల్లకు చెప్పాను. బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేని చట్టాల ప్రతులు, కూడా పుస్తకాలుగానే కొనాలి. అంచున పెన్సిల్‌తో రాసుకున్న గుర్తు, సెక్షను నంబరు మరిచిపోయినా, పేజీలో ఏ మూల ఉందో గుర్తుచేస్తుంది. మొదటి ఆరు నెలలు ల్యాప్‌టాప్ లేకపోయినా కొంపలు మునగవు. కానీ అప్పటికి పట్టుబడి డబ్బు ఉండదు, అది అన్నకు నాకన్నా బాగా తెలుసు.

ఇంకొక్క సంగతి మాత్రం చెప్పి ముగిస్తాను. ఇప్పుడు కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో తెలియడం కూడా లా సిలబస్‌లో భాగమే. ఫోనులోని వీడియోనో వాట్సాప్ సంభాషణనో కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులో ఉన్నదాన్ని బట్టి కంప్యూటర్ లెక్కకట్టే గుర్తు, రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. దీన్ని తరగతిలో నల్లబల్ల మీద రాసి చెబితే తలకెక్కదు. సొంత ల్యాప్‌టాప్‌లో ఒక ఫైలుకు హ్యాష్ తీసి, ఒక చుక్క చేర్చి, మళ్లీ తీసి చూస్తే రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

చివరికి పోయిన ఆదివారం ముగ్గురం నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపుకు వెళ్లాం. పద్నాలుగు అంగుళాలది, మెరవని తెర, 16 జీబీ, విడి గ్రాఫిక్స్ లేనిది, అన్న అనుకున్న తొంభైలో ముప్పై మూడు వేలు మిగిలాయి. మేనకోడలు కేశవానంద తెరిచి ఆరు పేజీలు చదివింది. "అత్తా, ఈయన ఒక వాక్యం మొదలుపెట్టి ఎక్కడా ఆపడం లేదు" అంది. తెర మీద ఫిర్యాదు లేదన్నమాట.

షాపు కుర్రవాడు బిల్లులో "ల్యాప్‌టాప్ - 1" అని రాసి సంతకం పెట్టబోయాడు. నేను నోరు విప్పేలోపే పిల్ల బిల్లు తన వైపు తిప్పుకుని, మోడలు, సీరియల్ నంబరు, చార్జరు నంబరు కూడా రాయమంది. ల్యాప్‌టాప్ తిరగేసి ఒక్కొక్క అంకె చదువుతుంటే అతను రాశాడు. ఒక చోట 8 బదులు బి వేశాడు, కొట్టేసి మళ్లీ రాయించింది. అన్న అప్పటికే బయట ఎండలో నిలబడి, ఎవరితోనో ఫోనులో ఆ రోజు అరవై కౌంటు ఎంత పలుకుతోందో గట్టిగా అడుగుతున్నాడు.